పిల్లను గాల్లోకి విసిరే చోట రాష్ట్రం ఎక్కడుంది?

టెక్సాస్ ప్రతినిధుల సభ, సెనేట్ సభ్యులకు బహిరంగ లేఖ



నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్న ఫిజియోథెరపిస్టును. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లున్నారు, సాకర్ ఆడేవాళ్లున్నారు, చీర్ చేసేవాళ్లున్నారు. బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడే పిల్లాడికి తల మీద దెబ్బ తగిలితే ఏ చట్టం వర్తిస్తుందో, ఎవరి సంతకం ఉంటే మళ్లీ మైదానంలోకి పోవచ్చో నాకు తెలుసు. చీర్ చేసే పిల్ల వచ్చినప్పుడు మాత్రం నేను ముందుగా అడగాల్సింది వేరే ఉంటుంది: దెబ్బ తగిలింది బడిలోనా, ప్రైవేటు జిమ్‌లోనా? ఆ జవాబును బట్టి ఆ పిల్లకు మీ చట్టం తోడు ఉండడమో, లేకపోవడమో జరుగుతుంది. ఆ తేడాను చెరిపేయమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆంగ్ల ప్రతి మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడం ఎందుకంటే, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కాపెల్, కేటీ లాంటి ఊళ్లలో ఇప్పుడు వేల తెలుగు కుటుంబాలున్నాయి. కూచిపూడి క్లాసుకు, స్పెల్లింగ్ బీకి తీసుకెళ్లినట్టే ఆడపిల్లల్ని చీర్ జిమ్‌లకూ తీసుకెళ్తున్నారు. మీకు ఓటేసేవాళ్లు వాళ్లలో ఉన్నారు, ఓటు ఇంకా రానివాళ్లూ ఉన్నారు. చీర్‌లీడర్ అనగానే మావాళ్లలో చాలామందికి 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బౌండరీ దగ్గర ఆడిన విదేశీ అమ్మాయిలే గుర్తొస్తారు. దాంతో కూతురు చీర్‌లో చేరిందంటే డాన్సు నేర్చుకుంటోందనుకుంటారు. అసలు అక్కడ జరిగేదేమిటో మీకెంత తెలియాలో వాళ్లకూ అంతే తెలియాలి.

ప్రైవేటు జిమ్‌లలో నేర్పే ఆల్‌స్టార్ చీర్ అంటే 54 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు ఉన్న మ్యాట్ మీద రెండున్నర నిమిషాల పోటీ. వీళ్లు హుషారు చేయడానికి పక్కన ఇంకో జట్టేమీ ఆడుతూ ఉండదు. వీళ్లే ఆటగాళ్లు, మార్కులు వీళ్లకే. పరుగెత్తుతూ పల్టీలు కొట్టడాన్ని టంబ్లింగ్ అంటారు. ముగ్గురు నలుగురు కలిసి ఒకరిని ఎత్తి నిలబెడితే అది స్టంట్. పైన నిలబడే పిల్ల ఫ్లయర్, కింద మోసేవాళ్లు బేస్‌లు, వెనక కాచుకునేది బ్యాక్‌స్పాట్. బాస్కెట్ టాస్‌లో బేస్‌లు మణికట్లు పెనవేసి, ఆ అల్లికలో ఫ్లయర్‌ను నిలబెట్టి పైకి విసురుతారు. ఆమె గాల్లో పల్టీ కొట్టి, మెలి తిరిగి మళ్లీ వాళ్ల చేతుల్లోకే రావాలి. 15 అడుగుల ఎత్తు నుంచి ఎవరూ పట్టుకోకుండా పడితే ఒక్క సెకనులో నేల తగులుతుంది. అప్పటికి వేగం గంటకు దాదాపు 34 కిలోమీటర్లు. హెల్మెట్ ఉండదు, ప్యాడ్లు ఉండవు. పట్టుకునే చేతులే రక్షణ, ఆ చేతులు కూడా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలవే.

లెక్కల్లో రెండు వైపులా చెప్పాలి. 2009-10 నుంచి 2013-14 దాకా హైస్కూళ్ల నుంచి సేకరించిన గాయాల వివరాలు 2016లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చాయి. ప్రాక్టీసుకో పోటీకో ఒక పిల్ల దిగడాన్ని ఒక సారిగా లెక్కేస్తే, ప్రతి వెయ్యి సార్లకు చీర్‌లో 0.71 గాయాలు. పోల్చిన 22 క్రీడల్లో చీర్ 18వ స్థానంలో ఉంది. అంటే మామూలు రోజున చీర్ చేసే పిల్లకు దెబ్బ తగిలే అవకాశం సాకర్ ఆడే పిల్ల కంటే తక్కువ. ఈ మాటను చీర్ వ్యాపారులు గట్టిగా చెబుతారు, అది నిజమే. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. తగిలిన గాయాల్లో అన్నిటికంటే ఎక్కువ, దాదాపు 31 శాతం, కంకషన్లు, అంటే దెబ్బకు మెదడు అదరడం. మొత్తం గాయాల్లో సగానికి పైగా స్టంట్లలో జరిగినవే. దెబ్బలు తరచుగా తగలవు, తగిలినప్పుడు మాత్రం చాలాసార్లు తలకు తగులుతాయి. 1982 నుంచి 2009 వరకు హైస్కూలు ఆడపిల్లలకు క్రీడల్లో నేరుగా జరిగిన అతి తీవ్రమైన గాయాల్లో, అంటే ప్రాణం తీసేవి, వెన్నుపామును, మెదడును దెబ్బతీసేవి, దాదాపు 65 శాతం చీర్‌లోనే జరిగాయి. కాలేజీ స్థాయిలో అది 70 శాతం దాటింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో ఇచ్చిన విధాన ప్రకటనలో ఈ అంకెలున్నాయి. చీర్ గాయాలతో ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్లు 1980లో 4,954 మంది, 2007లో 26,786 మంది అన్న లెక్క కూడా అందులోదే.

నియమం పెడితే ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు ఈ ఆటలోనే జవాబుంది. 2006 మార్చిలో సెయింట్ లూయిస్‌లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆట మధ్యలో, ఇల్లినాయికి చెందిన ఒక విశ్వవిద్యాలయపు చీర్‌లీడర్ పిరమిడ్ పైనుంచి దాదాపు 15 అడుగులు జారి తలకిందులుగా కోర్టు మీద పడింది. మెడ పూసలో పగులు, కంకషన్. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుండగా బ్యాండు విశ్వవిద్యాలయం పాట అందుకుంటే, పడుకునే చేతులతో తన అడుగులన్నీ చేసింది. స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది, టీవీలన్నీ ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. ఆ వీడియో చూసినప్పుడల్లా మెడ కదపకూడని మనిషి భుజాలు కదుపుతోందే అన్న దిగులు తప్ప నాకింకేదీ తోచదు. 2006-07 సీజన్ నుంచి బాస్కెట్‌బాల్ కోర్టుల్లాంటి గట్టి నేల మీద బాస్కెట్ టాస్ చేయకూడదన్న నియమం వచ్చింది. 2002 నుంచి 2017 వరకు జరిగిన అతి తీవ్రమైన గాయాలను పరిశీలించిన పరిశోధకులు, ఆ నియమం తర్వాత బాస్కెట్ టాస్ వల్ల కలిగే అలాంటి గాయాల రేటు నాలుగో వంతుకు పడిపోయిందని తేల్చారు. ఒకే ఒక్క నియమం, దాని ఫలితం అంత. అది వచ్చేలోగా ఎందరు పిల్లలు చెక్క నేల మీద పడ్డారో ఆలోచించండి.

ఇక్కడే నా అసలు అభ్యంతరం. ఆ నియమం పెట్టింది ప్రభుత్వం కాదు. మీ సభ కాదు, ఇంకే రాష్ట్రపు సభా కాదు. చీర్ పరిశ్రమ తనకు తానుగా ఏర్పరచుకున్న సంఘం పెట్టింది. పెట్టినందుకు వాళ్లను అభినందిస్తాను. కానీ పెట్టకపోయి ఉంటే అడిగే నాథుడెవరు?

చీర్ పుట్టింది 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అంటారు. వ్యాపారంగా ఎదిగింది మాత్రం మీ గడ్డ మీదే. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో చీర్‌లీడర్‌గా ఉన్న లారెన్స్ హెర్కిమర్ 1948లో హంట్స్‌విల్‌లో మొదటి శిక్షణ శిబిరం నడిపాడు. ఆయన పెట్టిన నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్ ఏళ్ల తరబడి డాలస్ కన్వెన్షన్ సెంటర్‌లో ఆల్‌స్టార్ జాతీయ పోటీలు జరుపుతూ వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన జెఫ్ వెబ్ 1974లో మెంఫిస్‌లో సొంత సంస్థ పెట్టాడు. అదే వర్సిటీగా ఎదిగి 2004లో హెర్కిమర్ సంస్థనూ కలిపేసుకుంది. శిబిరాలు వాళ్లవి, యూనిఫాంలు వాళ్లవి, పెద్ద పోటీల్లో అధిక భాగం వాళ్లవి. మాతృసంస్థ వర్సిటీ బ్రాండ్స్ కేంద్ర కార్యాలయం డాలస్ ఆనుకుని ఉన్న ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఉంది. 2018లో బెయిన్ క్యాపిటల్ చేతికి, 2024లో కేకేఆర్ చేతికి వెళ్లింది. పిల్లల ఆటను పెట్టుబడి సంస్థలు ఒకదాని దగ్గర ఒకటి కొనుక్కుంటున్నాయి. అది నేరమని నేననడం లేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. శిక్షకులకు భద్రత నేర్పే సంఘాన్ని 1987లో మొదలుపెట్టిందీ వర్సిటీ వర్గమే. ప్రైవేటు జిమ్‌లన్నిటికీ నియమాలు రాసే యూఎస్ ఆల్‌స్టార్ ఫెడరేషన్ 2003లో పుట్టింది వర్సిటీ అప్పుగా ఇచ్చిన డబ్బుతో. దాని బోర్డులో పోటీలు నిర్వహించే కంపెనీలకు స్థానాలుండేవి. ఏ స్టంట్ ఏ స్థాయిలో చేయొచ్చు, ఏ వయసువాళ్లు చేయొచ్చు, ఏ శిక్షకుడిని నిషేధించాలి అని తేల్చేవాళ్లూ, ఆ స్టంట్లు చూపించి టికెట్లు అమ్ముకునేవాళ్లూ ఒకే గదిలో కూర్చుంటే, గది బయట నిలబడ్డ తల్లి మాట వినేదెవరు? ప్రత్యర్థి సంస్థలను అణచి ధరలు పెంచారన్న కేసుల్లో వర్సిటీ 2023లో 4.35 కోట్ల డాలర్లకు, 2024లో 8.25 కోట్ల డాలర్లకు రాజీ పడింది. తప్పు ఒప్పుకోలేదు. ఆ కేసులు డబ్బు గురించి, గాయాల గురించి కాదు. అయినా జిమ్ యజమానులు, తల్లిదండ్రులు ఆ సంస్థకు ఎదురుచెప్పాలంటే ఫెడరల్ కోర్టు దాకా పోవలసి వచ్చిందన్నది మీరు గమనించాలి. కోర్టు కంటే ముందు వినవలసిన చోటు ఒకటి ఉండాలి కదా.

చీర్ క్రీడా కాదా అన్న వాదన ఇంకొకటి. 2010లో కనెటికట్‌లో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం మీద నడిచిన కేసులో, పోటీ చీర్ ఇంకా, విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింద క్రీడగా లెక్కకు రాదని ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు. అప్పీలు కోర్టు 2012లో దాన్నే బలపరిచింది. ఆ తీర్పును తప్పుపట్టను. ఆడపిల్లల వాలీబాల్ జట్టును తీసేసి ఆ లెక్కను చీర్‌తో పూడ్చబోయిన విశ్వవిద్యాలయం మీద కేసది. వాలీబాల్ ఆడే పిల్లలకు ఆ తీర్పు మేలే చేసింది. కానీ ఆ తీర్పును అడ్డం పెట్టుకుని, క్రీడ కాదు కాబట్టి క్రీడలకుండే రక్షణలు అక్కర్లేదనేవాళ్లున్నారే, వాళ్లతోనే నాకు పేచీ. అదే 2012లో పిల్లల వైద్యుల అకాడమీ, 2014లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చీర్‌ను క్రీడగా గుర్తించమని కోరాయి. అర్హత ఉన్న శిక్షకులు, సీజన్‌కు ముందు వైద్య పరీక్ష, అథ్లెటిక్ ట్రైనర్ అందుబాటు, గాయాల నమోదు, ఇవన్నీ అప్పుడే వస్తాయని వైద్యుల వాదన. కాలిఫోర్నియా 2015లో చట్టం చేసి పోటీ చీర్‌ను హైస్కూలు క్రీడల్లో చేర్చే దారి వేసింది. 2017-18 నుంచి అమలులోకి వచ్చింది. అక్కడ చీర్ అంతరించిపోలేదు.

మీ రాష్ట్రంలో బడుల మధ్య పోటీలను నడిపే యూఐఎల్ 2016 జనవరి నుంచి చీర్ జట్లకు స్పిరిట్ పోటీలు జరుపుతోంది. మంచిదే. కానీ అవి ఆట రోజున ప్రేక్షకులను నడిపించే తీరు చుట్టూ అల్లుకున్న పోటీలు. పిల్లలు అతి కష్టమైన స్టంట్లు చేసేది సాయంత్రాలు, వారాంతాలు, ప్రైవేటు జిమ్‌లలో.

ఇక నేను మొదట్లో చెప్పిన తేడాకు వస్తాను. 2011లో మీరు నటాషా చట్టం చేశారు. బడి క్రీడల్లో ఒక విద్యార్థికి కంకషన్ అయిందేమోనన్న అనుమానం వస్తే చాలు, ఆ పిల్లను వెంటనే పక్కకు తప్పించాలి. వైద్యుడు పరీక్షించి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మళ్లీ దించకూడదు. శిక్షకుడికే కాదు, తల్లికి అనుమానం వచ్చినా చాలు. ఇంత మంచి చట్టం చేసిన మీకు చేతులెత్తి మొక్కుతాను. అది నా పేషెంట్లలో ఎంతమందిని కాపాడిందో నేను కళ్లారా చూశాను. కానీ అది బడులకు పరిమితం. మధ్యాహ్నం మూడింటికి బడిలో తల తిరుగుతోందన్న పిల్లను చట్టం పక్కన కూర్చోబెడుతుంది. సాయంత్రం ఆరింటికి అదే పిల్ల, అదే తలతో, మూడు మైళ్ల దూరంలో ఉన్న జిమ్‌లో పిరమిడ్ ఎక్కితే ఆపమని చెప్పే రాష్ట్ర చట్టం లేదు. ఫెడరేషన్ నియమాల్లో ఉండొచ్చు, జిమ్ కాగితాల్లో ఉండొచ్చు. అమలు చేసేది మాత్రం శనివారం పోటీకి జట్టును సిద్ధం చేయాల్సిన శిక్షకుడే.

మా బంధువుల అమ్మాయి చేసే జిమ్‌లో అద్దం వెనక తల్లిదండ్రుల గదిలో కూర్చుని ఒక సాయంత్రం చూశాను. మా పిల్ల బేస్‌గా ఉన్న స్టంట్ కూలింది. అందరూ ఫ్లయర్ దగ్గరికి పరుగెత్తారు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. దిగేటప్పుడు ఆమె మోచేయి మా పిల్ల కణతకు తగిలింది. మా పిల్ల మ్యాట్ అంచున కూర్చుని కళ్లు చికిలించి లైట్ల వైపు చూస్తోంది. శిక్షకురాలు వచ్చి నీళ్లిచ్చింది, బాగున్నావా అని అడిగింది, పిల్ల తలూపింది. ఐదు నిమిషాల తర్వాత ఫుల్ అవుట్, అంటే మొత్తం రొటీన్ మొదటి నుంచి చివరి దాకా. నేను వెళ్లి ఆపించాను. ఆ శిక్షకురాలు చెడ్డ మనిషి కాదు. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్ల పిల్ల, పదేళ్లు తానూ అలాగే చేసి వచ్చింది. ఆమెకెవరూ నేర్పలేదు, నేర్పాలని ఏ చట్టమూ అనలేదు. అద్దం వెనక ఉన్న తల్లుల్లో నలుగురు తెలుగువాళ్లు. మనం కలగజేసుకుంటే పిల్లను జట్టులోంచి తీసేస్తారేమోనని ఒకావిడ నా చెయ్యి పట్టుకుని అంది. ఏడాదికి వేల డాలర్లు కట్టి, హోటళ్లు బుక్ చేసి, కూతురి కల కోసం వారాంతాలన్నీ ఇచ్చేసిన తల్లి ఆమె. ఆ భయాన్ని ఆమె ఒక్కదాని మీద వదిలేయకండి. పిల్లను మళ్లీ దించొద్దని శిక్షకురాలికి చెప్పాల్సింది చట్టం.

ఫ్లయర్ పడుతుందని అందరికీ భయం. కింద మోసేవాళ్ల తలలు, ముక్కులు, నడుములు ఎవరికీ కనిపించవు. వేగంగా ఎదిగే వయసులో రోజూ నలభై కిలోల మనిషిని తల మీదికి ఎత్తే పిల్లల నడుం నొప్పితో నా గది నిండుతుంది. దానికి వార్తాపత్రికల్లో చోటు దొరకదు. ఎక్కడా ఎవరూ నమోదు చేయరు కాబట్టి అంకెలుగానూ మారదు.

మీ రాష్ట్రంలో డబ్బు తీసుకుని ఇతరుల గోళ్లు దిద్దాలంటే 600 గంటల శిక్షణ పొంది, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకోవాలి. పిల్లను పదిహేను అడుగులు పైకి విసరడం నేర్పడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సంటూ లేదు. పైగా పిల్లల సంరక్షణ కేంద్రాల చట్టంలో, ఏదైనా ఒకే నైపుణ్యం నేర్పే సంస్థలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చారు. మాకు రాష్ట్ర లైసెన్సు లేదని, ఇందులో ఈ ప్రమాదాలున్నాయని తల్లిదండ్రులకు చెప్పాలని, ఉద్యోగుల నేర చరిత్ర తనిఖీ చేయాలని దానికి షరతులు పెట్టారు. ఆ షరతులు రాసినవాళ్లకు పిల్లల మీద శ్రద్ధ ఉంది. కానీ చేరిన రోజు సంతకం పెట్టే ఆరు పేజీల కాగితాల మధ్య ఎక్కడో ఒక వాక్యంగా ఉంటే దాన్ని చెప్పడమనలేం.

ఆ కాగితాల గురించి మా తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. ఏం జరిగినా జిమ్‌కు బాధ్యత లేదని సంతకం పెట్టేశాం కదా, ఇక అడిగే హక్కు లేదనుకుంటారు చాలామంది. మైనరు పిల్లల సొంత హక్కును తల్లిదండ్రులు ముందుగానే సంతకంతో వదులుకోలేరని 1993లోనే హ్యూస్టన్ అప్పీలు కోర్టు చెప్పింది. వీసా మీద ఉన్నాం, మనకెందుకు గొడవ అనుకోవద్దు. ఎమర్జెన్సీ ప్లాన్ ఎక్కడుందని అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు.

మాట్లాడడానికి నోరు రాని సంగతి ఇంకొకటుంది. కార్సికానాలోని నవారో కాలేజీ చీర్ జట్టు మీద 2020 జనవరిలో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌ను మా ఇళ్లలోనూ పిల్లలు కళ్లు ఆర్పకుండా చూశారు. అందులో అందరికీ ప్రియమైన ఒక యువకుడిని అదే ఏడాది సెప్టెంబరులో అరెస్టు చేశారు. మైనర్లపై లైంగిక నేరాలకు 2022 జూలైలో ఫెడరల్ కోర్టు 12 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఆ సమయంలోనే 'యూఎస్ఏ టుడే' విలేకరులు వెతికితే, పిల్లలకు సంబంధించిన లైంగిక నేరాల్లో అభియోగాలు ఎదుర్కొన్న చీర్ మనుషులు దాదాపు 180 మంది, చీర్ సంస్థల నిషేధ జాబితాలో లేకుండా బయటపడ్డారు. కోర్టు రికార్డుల్లో ఉన్న పేర్లవి, రహస్యాలేమీ కావు. విలేకరులు వెతికి పట్టుకోగలిగిన వాటిని, వెతకడమే బాధ్యతగా ఉన్నవాళ్లు ముందే పట్టుకోవలసింది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఫెడరల్ చట్టం, క్రీడల్లో వేధింపుల ఫిర్యాదులు చూసే సేఫ్‌స్పోర్ట్ కేంద్రానికి విచారణాధికారం ఇచ్చింది. కానీ అది అమెరికా ఒలింపిక్ కమిటీ నీడలో ఉన్న క్రీడా సంఘాల వరకే. ఆల్‌స్టార్ జిమ్‌ల మీద వచ్చే ఫిర్యాదులు ఆ పరిశ్రమ సొంత ఫెడరేషన్ బల్ల మీదికే పోతూ వచ్చాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో చీర్‌కు పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు మెడలో వేసుకున్న ఆట, దానితో వచ్చే నిఘాను తన జిమ్‌ల గుమ్మం దగ్గర ఆపేయకూడదు.

మా దేశంలోనూ మనుషుల గోపురాలు కడతారు. కృష్ణాష్టమికి తెలుగు ఊళ్లలో ఉట్టి కొడతారు. మహారాష్ట్రలో అదే దహీ హండీగా ఎనిమిది, తొమ్మిది అంతస్తులకు పెరిగింది, కొసకు చిన్న పిల్లల్ని ఎక్కించేవాళ్లు. 2014లో బొంబాయి హైకోర్టు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు ఎక్కకూడదని, ఎత్తు 20 అడుగులు దాటకూడదని చెప్పింది. సుప్రీంకోర్టు 2016లో దాన్ని నిలబెట్టింది. 2017లో ఎత్తు మీద పరిమితి పోయింది, కనీస వయసు 14గా మిగిలింది. చివరి తీర్పు నాకు నచ్చలేదు. అయినా ఆ గోపురం మీద పిల్ల ఉండొచ్చా అన్న ప్రశ్న బహిరంగ న్యాయస్థానంలో వచ్చింది, ప్రభుత్వం నిలబడి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. టెక్సాస్‌లో ఆ ప్రశ్న ఒక ప్రైవేటు సంస్థ బోర్డు సమావేశంలో మొదలై అక్కడే ముగుస్తోంది.

కాబట్టి నేను అడిగేది ఇది. నటాషా చట్టాన్ని బడి గేటు దాటించండి. డబ్బు తీసుకుని పిల్లలకు స్టంట్లు, టంబ్లింగ్ నేర్పే ప్రతి జిమ్‌లోనూ, అనుమానం వస్తే తప్పించడం, వైద్యుడి సంతకం లేకుండా దించకపోవడం చట్టం కావాలి. బడిలో కంకషన్ అయిన పిల్ల సంగతి జిమ్‌కు, జిమ్‌లో అయిన సంగతి బడికి తల్లిదండ్రుల అనుమతితో తెలియాలి. ఈ ఒక్కటే చేసినా మీ సమావేశాలకు సార్థకత.

రెండోది, ఆ జిమ్‌లను రాష్ట్రం దగ్గర నమోదు చేయించండి. ఒక పేరు, ఒక చిరునామా, శిక్షకుల అర్హతలు, నేర చరిత్ర తనిఖీ జరిగిందన్న రుజువు, గోడ మీద ఎమర్జెన్సీ ప్లాన్. అంబులెన్సు ఏ తలుపు గుండా రావాలో తెలియని జిమ్‌లో నేను ఎన్నోసార్లు నిలబడ్డాను. చిన్న జిమ్‌లు ఈ ఖర్చు తట్టుకోలేవని కొందరు మీ దగ్గరికి వస్తారు. వాళ్ల మాట వినండి, ఫీజు తక్కువ పెట్టండి, గడువు ఇవ్వండి. అప్పు చేసి మ్యాట్లు కొని, పిల్లల్ని కన్నబిడ్డల్లా చూసుకునే యజమానులు నాకు చాలామంది తెలుసు. వాళ్లు ఇప్పటికే ఇవన్నీ చేస్తున్నారు. చేయని పక్క జిమ్ అదే ఆదా చూపించి తక్కువ ఫీజుకు పిల్లల్ని లాక్కుపోతుంటే నష్టపోయేది వాళ్లే.

తీవ్రమైన గాయం అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖకు తెలియజేయడం తప్పనిసరి చేయండి. పేర్లు అక్కర్లేదు. వయసు, ఏ స్థానంలో ఉంది, ఏ స్టంట్, ఏ నేల, ప్రాక్టీసా పోటీయా. బాస్కెట్ టాస్ నియమం పనిచేసిందని మనకు తెలిసింది ఎవరో ఓపికగా లెక్కలు రాసినందువల్లే. ప్రైవేటు జిమ్‌ల విషయంలో రాష్ట్రం ఆ లెక్క రాసే పుస్తకమే తెరవలేదు.

నియమాలు రాసే చోట అమ్మేవాళ్లకు మెజారిటీ ఉండకూడదు. టెక్సాస్‌లో పోటీ జరగాలంటే, ఆ పోటీ ఏ భద్రతా నియమావళి కింద జరుగుతోందో, దాన్ని రాసిన బోర్డులో ఎవరెవరున్నారో బహిరంగపరచాలన్న షరతు మీరు పెట్టగలరు. కన్వెన్షన్ సెంటర్లు నగరాలవి, అంటే ప్రజలవి. వాటిని అద్దెకిచ్చేటప్పుడు వేదిక దగ్గర అథ్లెటిక్ ట్రైనర్, అంబులెన్సు ఉండాలని అడగడం ఎక్కువ కాదు. పెద్ద పోటీల్లో చాలావరకు ఉంటారు కూడా. వారాంతాల్లో చిన్న ఊళ్లలో జరిగే పోటీల సంగతే నేను చెబుతున్నది.

బడుల్లో చీర్‌ను పూర్తి క్రీడగా గుర్తించమని యూఐఎల్‌ను అడగండి. దీనిమీద చీర్ శిక్షకుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. సీజన్ హద్దులొస్తాయని, శిబిరాలకు పోలేమని కొందరి బాధ. వాళ్లను పిలిచి మాట్లాడించండి. నా వరకు, ఏడాది పొడవునా విరామం లేకుండా అదే భుజం మీద అదే బరువు మోసే పిల్లకు సీజన్‌కు హద్దు ఉండడం వైద్యమే.

మీ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులు సాగుతాయి. బిల్లులు అంతకు ముందు నవంబరు నుంచే దాఖలు చేయొచ్చు. ప్రతినిధుల సభలో ఒకరు, సెనేట్‌లో ఒకరు ముందుకొస్తే చాలు, ముసాయిదాకు కావలసిన వైద్య సమాచారం నేనూ, నాతో పనిచేసే అథ్లెటిక్ ట్రైనర్లూ సిద్ధం చేసి ఇస్తాం. విచారణ తేదీ ప్రకటించగానే ఆస్టిన్ వచ్చి సాక్ష్యం చెబుతాను. అద్దం వెనక గదిలో నా చెయ్యి పట్టుకున్న ఆవిడ కూడా వస్తానంది. ఆమె ఇంగ్లీషు కంటే తెలుగులో బాగా చెప్పగలదు కాబట్టి ఆ రోజుకు ఒక దుబాసీని ఏర్పాటు చేయమని కమిటీ కార్యదర్శిని ఇప్పుడే కోరుతున్నాను.

ఇట్లు,
ఇర్వింగ్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు